బ్లూ స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ విండోస్ కొత్తగా కొట్టకండి

ఈసారి ఉత్తరాలు చదువుతుంటే ఒకే గోడు మళ్లీ మళ్లీ కనిపించింది. విడిభాగాలు కొనుక్కుని, వీడియోలు చూసుకుంటూ సొంతంగా పీసీ బిగించుకున్నారు, మొదటిసారి బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, సంబరపడ్డారు, రెండో రోజో మూడో రోజో బ్లూ స్క్రీన్, అంటే విండోస్ ఠక్కున ఆగిపోయి తెరంతా నీలం. అందుకని ప్రింటర్ల గొడవలు, వైఫై గొడవలు వచ్చే సంచికకు తోసేసి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. అందరికీ కలిపి ముందే ఒక్క మాట. ఉత్తరంలో ‘బ్లూ స్క్రీన్ వస్తోంది’ అని రాసి ఆపేయకండి, దాని కింద ఇంగ్లీషులో పెద్దక్షరాల్లో ఉండే ఆ కోడ్ కూడా రాయండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసిపెట్టుకుంటే చాలు. జ్వరం అని చెప్పి ఎంత ఉందో చెప్పకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ప్రశ్న: సార్, మొదటిసారి నా చేతులతో నేనే పీసీ బిగించాను. రైజెన్ 7600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్5 స్టిక్‌లు రెండు, వాటి పెట్టె మీద 6000 అని ఉంది, కొత్త ఎస్‌ఎస్‌డీ. వీడియోల్లో చెప్పినట్టే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో ఆన్ చేశాను. మొదటి రోజు బాగానే ఉంది, తర్వాత మొదలైంది. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటుంది, ఇంకోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’, మొన్నయితే ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’. మధ్యమధ్యలో బ్రౌజర్ ట్యాబ్‌లు వాటంతటవే పోతుంటాయి. విండోస్ మూడుసార్లు కొత్తగా కొట్టాను. క్రాష్ వివరాలుండే డంప్ ఫైళ్లు చూపించే చిన్న టూల్ వేసి చూస్తే ప్రతిసారీ ‘ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్’ అనే పేరే కనిపిస్తోంది, అది విండోస్ ఫైలేనట. తెలిసినవాళ్లేమో ప్రాసెసర్ పోయిందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఆ ప్రాసెసర్ మాట పక్కన పెట్టి నిద్రపోండి. కొత్త పీసీలో అనుమానించాల్సిన వరసలో ప్రాసెసర్ చాలా కింద ఉంటుంది, ర్యామ్ అన్నిటికన్నా పైన ఉంటుంది. మీ ఉత్తరంలో నాకు దారి చూపించింది ఏ ఒక్క కోడో కాదు, కోడ్ ప్రతిసారీ మారుతోందన్న సంగతి. రోజూ అదే కోడ్, అదే ఫైల్ పేరు వస్తుంటే ఏదో ఒక డ్రైవర్ మీద, అంటే విడిభాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ మీద అనుమానపడాలి. రోజుకో కోడ్ వస్తూ, మధ్యలో ట్యాబ్‌లు ఊడిపోతూ, జిప్ ఫైల్ విప్పబోతే పాడైపోయిందంటూ ఉంటే మాత్రం అది చాలావరకు ర్యామ్ పనే. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే ఏమవుతుందన్నది ఆ క్షణానికి అక్కడ ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. అక్కడ బ్రౌజర్ డేటా ఉంటే ట్యాబ్ పోతుంది. ఫొటో ఉంటే ఎక్కడో ఒక చుక్క రంగు మారుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ వాడుకునే చిరునామా ఉంటే మాత్రం కెర్నెల్ వెళ్లి చెయ్యి పెట్టకూడని చోట పెడుతుంది, ఇంకా ముందుకెళితే మీ ఫైళ్లు పాడవుతాయని తనంతట తానే అక్కడికక్కడ ఆగిపోతుంది. బ్లూ స్క్రీన్ అంటే అంతే.

ఇక ఆ ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అంటారా, అదే విండోస్ కెర్నెల్. తప్పు కనిపెట్టింది అది, తప్పు చేసింది అది కాదు. దొంగతనం జరిగిందని కేకేసినవాడినే పట్టుకుని కట్టేస్తే ఎలా ఉంటుందో, ఆ పేరు చూసి విండోస్ మళ్లీ కొట్టడం అలా ఉంటుంది. పైగా మీ విషయంలో అది నష్టం కూడా, ఎందుకంటే విండోస్ ఎక్కించేటప్పుడు ఫైళ్లన్నీ ఆ ర్యామ్ మీదుగానే ఎస్‌ఎస్‌డీలోకి వెళతాయి. ర్యామ్ తప్పులు చేస్తుంటే కొత్తగా ఎక్కించిన విండోస్ కూడా పుట్టుకతోనే జబ్బుతో పుట్టొచ్చు. కాబట్టి అసలు తప్పు దొరికేదాకా ఇక విండోస్ కొట్టకండి, దొరికాక మాత్రం చివరిసారిగా ఒక్కసారి కొట్టండి.

ఇప్పుడు ఎక్స్‌పో. ఇంటెల్ వాళ్లది ఎక్స్‌ఎంపీ, ఏఎండీ వాళ్లది ఎక్స్‌పో, పేర్లే వేరు, పని ఒకటే, ర్యామ్‌ని పెట్టె మీద రాసిన వేగంతో నడపడం. పెట్టె మీద 6000 అని ఉంది కదా, అది మీ ర్యామ్ మామూలు వేగం అనుకుంటారు అందరూ. కాదండీ. అలాంటి డీడీఆర్5 స్టిక్‌లు బోర్డులో పెట్టగానే మామూలుగా పరిగెత్తేది 4800 దగ్గరే. మీ రైజెన్ 7000 తరం ప్రాసెసర్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్‌లతో 5200. ఆ పైన ఎంత పెట్టినా అది ఓవర్‌క్లాకింగే, ఒక్క బటన్‌తో అయిపోతుంది కాబట్టి మనకి అలా అనిపించదు, అంతే. 6000 అనేది అత్యాశ ఏమీ కాదు, ఆ తరం వచ్చినప్పుడు సరైన వేగం అదేనని ఏఎండీ వాళ్లే అన్నారు. కానీ మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, మీ బోర్డు, మీ స్టిక్‌లు మూడూ కలిసి ఒప్పుకోవాలి. స్టిక్‌లు అమ్మినవాళ్లు హామీ ఇచ్చేది స్టిక్‌లకే, మిగతా రెండిటికీ కాదు.

కాబట్టి ఈ రాత్రి చేయాల్సింది ఒక్కటే. బయోస్‌లో ఎక్స్‌పో ఆపేయండి. ఇంకేమీ ముట్టుకోకండి. డ్రైవర్లు అప్‌డేట్ చేసి, కేబుల్స్ మార్చి, బయోస్ కూడా అప్‌డేట్ చేసి, అన్నీ ఒకేసారి చేశారనుకోండి, సమస్య పోయినా ఏది చేస్తే పోయిందో తెలియదు, వారం తర్వాత తిరిగొస్తే మళ్లీ మొదటికి. అలాగే రెండు మూడు రోజులు వాడండి.

బ్లూ స్క్రీన్ రాలేదా? అయితే స్టిక్‌లు మంచివే, 6000 దగ్గరే తేడా కొడుతోంది. అప్పుడు బోర్డు తయారీదారు సైట్ నుంచి కొత్త బయోస్ వేయండి. డీడీఆర్5 బోర్డులకి వచ్చే బయోస్ అప్‌డేట్‌లలో మెమరీని సరిదిద్దేవి చాలా ఉంటాయి, కొత్త బోర్డు పెట్టెలోంచి తీసేసరికే దాని బయోస్ పాతబడి ఉండొచ్చు. తర్వాత ఎక్స్‌పో మళ్లీ ఆన్ చేసి చూడండి, అప్పటికీ వస్తే ప్రొఫైల్ అలాగే ఉంచి వేగం మాత్రం 5600కి దించండి. 6000కీ 5600కీ తేడా కొలిస్తే కనిపిస్తుంది గానీ కంటికి కనిపించదు. వోల్టేజీలు పెంచి 6000 సాధించాలని మాత్రం చూడకండి, ముఖ్యంగా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ భాగానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజీ జోలికి పోకండి. 2023లో ఆ వోల్టేజీ హద్దు దాటి కొన్ని ప్రాసెసర్లు కాలిపోయాకే ఏఎండీ దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టేస్తూ బయోస్‌లు ఇప్పించింది.

ఎక్స్‌పో ఆపినా బ్లూ స్క్రీన్ వస్తోందా? అప్పుడు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 గానీ మెమ్‌టెస్ట్86 ప్లస్ గానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ కూడా పరీక్షే, అది తప్పు చూపిస్తే నమ్మండి, ఏమీ లేదంటే మాత్రం నమ్మకండి, చాలా వదిలేస్తుంది. మెమ్‌టెస్ట్‌లో ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఫెయిలే, ‘ఒకటే కదా’ అనడానికి లేదు. ఫెయిలైతే ఒక్కో స్టిక్‌ని విడిగా, ఒకదాని తర్వాత ఒకటి అదే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి, తర్వాత ఇంకో స్లాట్‌లోనూ అలాగే. ఒక స్టిక్ ఎప్పుడూ ఫెయిలై రెండోది ఎప్పుడూ పాసైతే స్టిక్ పోయినట్టు, అప్పుడు జత మొత్తం వారంటీలో మార్పించుకోండి, ఒక్కటే కొని జత కలపకండి. రెండు స్టిక్‌లూ ఒక స్లాట్‌లో పాసై మరో స్లాట్‌లో ఫెయిలైతే మాత్రం తప్పు స్టిక్‌లలో లేదు. కూలర్ విప్పి, ప్రాసెసర్ తీసి, సాకెట్‌లో పిన్ ఏదైనా వంగిందేమో టార్చి వేసి చూడండి. కూలర్ స్క్రూలు ఒక మూల బాగా బిగించి ఇంకో మూల వదులుగా వదిలేసినా ఒక మెమరీ ఛానెల్ సరిగ్గా పనిచేయకుండా పోవడం ఉంది. నేనే ఒకసారి రెండు రోజులు ర్యామ్‌ని తిట్టుకుని చివరికి కూలర్ స్క్రూ సగం తిప్పు వదులు చేసి బాగు చేశాను.

అన్నట్టు, స్టిక్‌లు ఏ స్లాట్‌లలో పెట్టారో రాయలేదు మీరు. నాలుగు స్లాట్‌ల బోర్డుల్లో దాదాపు అన్నిట్లోనూ రెండు స్టిక్‌లయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. పక్కపక్కనే పెట్టేశారేమో చూసుకోండి.

ప్రశ్న: నాకు నీలం తెర కూడా రాదు. గేమ్ ఆడుతుంటే ఠక్కున తెర నల్లబడి పీసీ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే ‘కెర్నెల్ పవర్ 41’ అని ఎర్రగా ఉంటుంది. పవర్ అని ఉంది కాబట్టి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్చేయమంటారా? మినీడంప్ ఫోల్డర్ కూడా ఖాళీగా ఉంది. 32 జీబీ ర్యామ్ ఉంది కదా అని, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే పేజ్‌ఫైల్ తీసేశాను, దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: చివర్లో అమాయకంగా అడిగారు గానీ అసలు సంగతి అక్కడే ఉంది. క్రాష్ అయినప్పుడు విండోస్ ముందు ఆ వివరాలు పేజ్‌ఫైల్‌లోకి రాసి, మళ్లీ ఆన్ అయ్యాక దాన్ని డంప్ ఫైల్‌గా మారుస్తుంది. పేజ్‌ఫైల్ తీసేస్తే రాసుకోవడానికి కాగితం లేనట్టు. ముందు దాన్ని ‘సిస్టమ్ మేనేజ్డ్’ మీద తిరిగి పెట్టండి, ఎంత ర్యామ్ ఉన్నా సరే. తర్వాత సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌కి వెళ్లి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ముందున్న టిక్ తీసేయండి. ఇది ఆన్‌లో ఉంటే బ్లూ స్క్రీన్ ఒక రెప్పపాటు వచ్చి పోతుంది, మానిటర్ మేలుకునేలోపే అయిపోతుంది, మీకు కనిపించింది నలుపే అవుతుంది.

41 అంటే ‘పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా ఆగిపోయాను’ అని విండోస్ తర్వాత లేచి చెప్పుకోవడం, అంతకుమించి ఏమీ లేదు. కరెంటు పోయినా 41, బ్లూ స్క్రీన్ వచ్చినా 41, మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా 41. కానీ దాని డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి ‘బగ్‌చెక్ కోడ్’ అనే గడి చూడండి. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కి బ్లూ స్క్రీన్ వేసే టైమ్ కూడా దొరకలేదని, అంటే కాళ్ల కింద నేలే పోయిందని. సున్నా కాకుండా నంబర్ ఉంటే అది బ్లూ స్క్రీనే. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: ఈ గడిలో నంబర్ మామూలు దశాంశ లెక్కలో ఉంటుంది, బయట అందరూ చెప్పుకునే కోడ్‌లు హెక్సాలో ఉంటాయి. గడిలో 292 కనిపిస్తే అది 124 అనే కోడ్, అంటే ‘వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’, హార్డ్‌వేర్‌లో తప్పు దొరికిందని. 26 కనిపిస్తే అది 1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్. 292 అని వెతికి ఏమీ దొరక్క తల పట్టుకోవద్దు.

మీకు అక్కడ సున్నాయే ఉండి, గేమ్‌లోనే జరుగుతుంటే, అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వైపు చూడొచ్చు. కొత్తది కొనేముందు మాత్రం కేబుల్స్ చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి రెండు ఎనిమిది పిన్‌ల సాకెట్‌లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరు వేరు కేబుల్స్ లాగండి, ఒకే కేబుల్‌కి తోకలా వేలాడే రెండో కనెక్టర్‌తో సరిపెట్టకండి. బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్‌ల కనెక్టర్ పూర్తిగా దిగిందా, కొత్త కార్డుల పదహారు పిన్‌లదైతే అంచు దాకా ఆనిందా చూడండి, వేలికి తగిలేలా ఖాళీ కనిపిస్తే దిగనట్టే. గ్రాఫిక్స్ కార్డులు వెయ్యో వంతు సెకను పాటు తమ లెక్క కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగేస్తాయి, వాట్లు సరిపోతాయనుకున్న ఎస్‌ఎంపీఎస్ కూడా ఆ తోపుడుకి భయపడి ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం పుట్టిందే చాలావరకు ఈ తోపుళ్ల కోసం. ఇంకొకటి, పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్స్ కొత్తదానికి ఎప్పుడూ తగిలించకండి. ఇటువైపు కనెక్టర్ అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఎవరి అమరిక వాళ్లది. సరిగ్గా పట్టినట్టే ఉంటుంది, హార్డ్‌డిస్క్ కాలిపోతుంది.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ చదువుతున్నా. కొత్త పీసీలో గేమ్ పెట్టిన అరగంటకి ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ వస్తోంది, ప్రతిసారీ ఇదే. రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే పెంచితే పోతుందని ఎవరో చెప్పారు. పెంచనా?

జవాబు: వద్దు తమ్ముడూ. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చిన పని మీద రెండు సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే విండోస్ దాన్ని తట్టి లేపాలని చూస్తుంది, లేవకపోతే ఈ కోడ్ వేస్తుంది. నువ్వు చేస్తానంటున్నది ఆ రెండు సెకన్లని పది చేయడం. స్పృహ తప్పినవాడిని ఇంకొంచెంసేపు ఆగి తడదామన్నట్టు. నీకు ప్రతిసారీ ఒకే కోడ్ వస్తోంది కాబట్టి ర్యామ్ సంగతి తర్వాత, ముందు డ్రైవర్. డీడీయూ అనే టూల్ దింపుకో, నెట్ తీసేసి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పాత డ్రైవర్ మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించు. నెట్ తీసేయమన్నది ఎందుకంటే, నువ్వు తుడిచేలోపే విండోస్ తన దగ్గరున్న డ్రైవర్ వెనక నుంచి ఎక్కించేస్తుంది. కార్డు మీద ఓవర్‌క్లాక్ గానీ అండర్‌వోల్ట్ గానీ ఏదైనా పెట్టుంటే తీసెయ్. కార్డుని నిలువుగా చూపించడానికి రైజర్ కేబుల్ వాడుతున్నావా? అయితే ముందు దాన్ని పీకి కార్డు నేరుగా బోర్డులో గుచ్చి ఆడి చూడు, పాత తరం రైజర్ కొత్త కార్డు వేగాన్ని మోయలేకపోవడం మామూలే. మళ్లీ రైజరే కావాలంటే బయోస్‌లో ఆ స్లాట్‌ని ఒక తరం కిందికి దించితే సరిపోవచ్చు, గేమ్‌లో తేడా తెలీదు.

ప్రశ్న: మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాను, ఒక్క తప్పు లేదు. ఎక్స్‌ఎంపీ కూడా ఆపేసే ఉంది. అయినా ఒకే ఫైల్ పేరుతో బ్లూ స్క్రీన్ వస్తోంది, వెతికితే అది బోర్డుతో వచ్చిన లైట్ల సాఫ్ట్‌వేర్‌దట. రంగు లైట్లు మార్చే యాప్ కంప్యూటర్‌ని పడగొట్టగలదా? డ్రైవర్ వెరిఫైయర్ నడపమంటారా?

జవాబు: పడగొట్టగలదు. మామూలు యాప్ పడిపోతే అది ఒక్కటే పడుతుంది. కానీ లైట్లు, ఫ్యాన్లు, ఉష్ణోగ్రతల సంగతి చూసే సాఫ్ట్‌వేర్లు హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడాలి కాబట్టి కెర్నెల్ లోపల తమ డ్రైవర్ ఒకటి కూర్చోబెడతాయి. అక్కడ ఎవరు తప్పటడుగు వేసినా ఇల్లంతా కూలుతుంది. 2024 జూలై 19న ప్రపంచమంతా విమానాలు ఆగి, ఆసుపత్రుల కంప్యూటర్లు నీలమైపోయాయి గుర్తుందా? అది క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడ్డాయి. అంత పెద్ద సంస్థ డ్రైవరే అలా చేసినప్పుడు లైట్ల యాప్‌ది ఏముంది.

ఆ యాప్ తీసేయండి, అంతే. అలాంటివి రెండు మూడు కలిసి ఉంటే ఇంకా తంటా, అందరూ ఒకే సెన్సార్‌ని ఒకేసారి గెలుకుతుంటారు. వెరిఫైయర్ మీకు అక్కర్లేదు, దొంగ దొరికాక జాగిలాలెందుకు? తెలియక నడిపేవాళ్ల కోసం చెబుతున్నాను, అది డ్రైవర్లను కావాలనే సతాయించి తప్పు చేయగానే బ్లూ స్క్రీన్ వేస్తుంది, ఒక్కోసారి విండోస్‌లోకి కూడా రానివ్వదు. నడపక తప్పదంటే ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఇరుక్కుపోతే సేఫ్ మోడ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘వెరిఫైయర్’ పక్కన స్లాష్ పెట్టి ‘రీసెట్’ కొట్టి రీస్టార్ట్ చేస్తే బయటపడతారు.

ప్రశ్న: నాది విచిత్రం. ఎంత పెద్ద గేమ్ ఆడినా, గంటల తరబడి స్ట్రెస్ టెస్ట్ నడిపినా ఏమీ కాదు. పని ఆపి అలా వదిలేసి పక్కకెళితే రీస్టార్ట్ అయి ఉంటుంది. ‘వియా లాగర్ 18’ అని రాసి ఉంటోంది. ప్రాసెసర్ రైజెన్, వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్‌లకీ మైనస్ 30 పెట్టాను, చల్లగా కూడా ఉంటోంది.

జవాబు: విచిత్రం ఏమీ లేదండీ, ఆ మైనస్ 30 పనే. అన్ని కోర్‌లూ కష్టపడుతున్నప్పుడు ప్రాసెసర్ వేగం కొంచెం తగ్గించుకుని నడుస్తుంది, అప్పుడు మీరు తగ్గించిన వోల్టేజీ సరిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడే అసలు చిక్కు. ఏదో చిన్న పని వచ్చి ఒక్క కోర్ మాత్రం లేచి దాని అత్యధిక వేగానికి ఒక్క ఉదుటున ఎగురుతుంది, అక్కడ వోల్టేజీ చాలదు, కూలబడుతుంది. అందుకే స్ట్రెస్ టెస్ట్‌లకి దొరకదు. సున్నా చేసి వారం చూడండి. తర్వాత కావాలంటే కోర్ కోర్‌కీ విడిగా తగ్గించుకోవచ్చు, ఆ ఈవెంట్‌లో ‘ఏపీఐసీ ఐడీ’ అని ఉండే నంబర్ ఏ కోర్ పడిందో చెబుతుంది, మామూలుగా కోర్‌కి రెండు నంబర్లు చొప్పున, 0, 1 మొదటిది, 2, 3 రెండోది అలా. బయోస్ మొత్తం డిఫాల్ట్‌లో పెట్టి, ఎక్స్‌పో కూడా ఆపినా ఇదే ఈవెంట్ వస్తుంటే, అప్పుడు ప్రాసెసర్‌ని అనుమానించండి, వారంటీకి పంపండి.

ప్రశ్న: ఇంటెల్ 14వ తరం ప్రాసెసర్ కొన్నాను, ఇంకా బిగించలేదు. అవి పాడైపోతాయని విని భయమేస్తోంది. తిరిగి ఇచ్చేయాలా?

జవాబు: మీరు విన్నది నిజమే, కానీ పాతబడిన నిజం. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని పరిస్థితుల్లో తమకి తాము ఎక్కువ వోల్టేజీ అడిగి, మెల్లగా లోపల దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. అదే ఏడాది ఆగస్టులో ఒక మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని లోపల నడిపించే ప్రోగ్రామ్), సెప్టెంబరులో ఇంకొకటి విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ మైక్రోకోడ్ బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. మీది కొత్తది కాబట్టి బిగించగానే, విండోస్ ఎక్కించక ముందే, గేమ్ మాట తలవక ముందే కొత్త బయోస్ వేసేయండి, పవర్ సెట్టింగ్స్ ‘ఇంటెల్ డిఫాల్ట్’ మీద ఉంచండి, చాలు. వాడేసిన ప్రాసెసర్ ఇంకొకరి దగ్గర కొనేవాళ్లే జాగ్రత్తపడాలి, మైక్రోకోడ్ ఇకముందు దెబ్బ తగలకుండా చూస్తుంది గానీ తగిలిన దెబ్బని మాన్పదు. గ్రాఫిక్స్ కార్డులో బోలెడంత మెమరీ ఉండగానే గేమ్ ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అని పడిపోతుంటే, అది ఆ దెబ్బకి బాగా పేరుపడ్డ గుర్తు.

ప్రశ్న: పాత పీసీలో ఉన్న ఎస్‌ఎస్‌డీని విండోస్‌తో సహా తీసి కొత్తదాంట్లో పెట్టాను. ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలంగా వచ్చి ఆగిపోతోంది. డేటా పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ఎస్‌ఎస్‌డీతో ఎలా మాట్లాడాలో ఆ విండోస్‌కి తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది. కొత్త బోర్డు బయోస్‌లో స్టోరేజ్ మోడ్ చూడండి, పాతదాంట్లో ఏహెచ్‌సీఐ ఉండి ఇక్కడ రెయిడ్ గానీ ఇంటెల్ వీఎండీ గానీ ఆన్‌లో ఉంటే అదే కారణం, మార్చగానే లేస్తుంది. లేచాక ఫైళ్లు బయటికి తీసుకుని విండోస్ కొత్తగా కొట్టండి. అవును, ఇందాకటి నుంచీ వద్దు వద్దన్న నేనే చెబుతున్నాను, వేరే బోర్డుకి సంబంధించిన డ్రైవర్ల చెత్తంతా మోసుకొచ్చిన విండోస్ మీద కొత్త పీసీ నడపడం నాకు ఇష్టం లేదు. ఆ డ్రైవ్‌కి విండోస్ తాళం బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండొచ్చు, ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేయబోయేవాళ్లు కూడా ముందు బిట్‌లాకర్ ‘సస్పెండ్’ చేసి మొదలుపెట్టండి, నేనెప్పుడూ ఆన్ చేయలేదే అనుకోకండి, విండోస్ 11 కొత్తగా ఎక్కించినప్పుడు చాలాసార్లు అదే ఆన్ చేసుకుంటుంది.

ప్రశ్న: నా పీసీలో నీలం బదులు నల్లటి తెర మీద ఎర్రర్ వస్తోంది, ఏడుపు బొమ్మ కూడా లేదు. వైరసా?

జవాబు: కాదు. 2025లో విండోస్ 11 అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ వాళ్లే రంగు మార్చేశారు, బొమ్మ, క్యూఆర్ కోడ్ కూడా తీసేశారు. స్టాప్ కోడ్ తెర మీదే ఉంటుంది, అది రాసి పంపండి, అప్పుడు మాట్లాడదాం.

ప్రశ్న: సార్ అర్జెంట్. మీరు ఫోన్‌లో చెప్పినట్టే ఎక్స్‌పో ఆపి బయోస్ అప్‌డేట్ చేశాను. అది వంద శాతం అయి రీస్టార్ట్ అయింది, తర్వాత తెర నల్లగా ఉండిపోయింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బోర్డు మీద డీర్యామ్ దగ్గర లైట్ వెలుగుతోంది. మూడు నిమిషాలైంది. ప్లగ్ పీకేయనా?

జవాబు: మీకు అప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ. పీకకండి. బయోస్ మారాక బోర్డు ర్యామ్‌తో మొదటి నుంచి మళ్లీ పరిచయం చేసుకుంటుంది, ట్రెయినింగ్ అంటారు దాన్ని, డీడీఆర్5లో అది చాలా నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో ఒకటి రెండుసార్లు దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతుంది కూడా. పావుగంట దాకా ముట్టుకోకుండా వదిలేయండి. ఈయనది ఏడో నిమిషంలో వచ్చింది.